ముహూర్తం పెట్టేముందు కస్టమ్స్ సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఆళ్లగడ్డ శిల్పుల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. ఉలి పట్టుకున్న చేతుల ఫొటో మా అమ్మకు కూడా పంపాను. ఒక్కచోట మాత్రం చిరాకు వేసింది. రాయి ఎంపిక దగ్గర నుంచి కళ్లు తెరిచే ఘట్టం దాకా అంత ఓపికగా రాసిన విలేకరి, చివరికి వచ్చేసరికి 'అక్కడి నుంచి విగ్రహాలు ఓడలో అమెరికా చేరుకుంటాయి' అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నా ఉద్యోగం మొత్తం ఆ వాక్యంలోనే ఉంది. సరుకు ఓడెక్కకముందే అమెరికా కస్టమ్స్‌కు ఇవ్వవలసిన సమాచారం గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, మన్నించండి.

మాది ఒంగోలు. హ్యూస్టన్‌లో ఒక కస్టమ్స్ బ్రోకర్ (దిగుమతిదారుల తరఫున కస్టమ్స్ పనులు చేసిపెట్టేవారు) కార్యాలయంలో దిగుమతుల కాగితాలు చూస్తాను. చీమకుర్తి గ్రానైట్, సోనా మసూరి బియ్యం, పచ్చళ్లు, ఫ్రోజెన్ రొయ్యలు, ఈమధ్య గుడి విగ్రహాలు, ధ్వజస్తంభాల రాళ్లు. నా బల్ల మీదికి వచ్చే ఫైళ్లలో రెండు చివర్లా తెలుగువాళ్లే ఉన్నవి చాలా ఉంటాయి. పంపేవారిది ప్రకాశం జిల్లానో కరీంనగరో, తెప్పించుకునేవారిది డల్లాసో ఎడిసనో. మధ్యలో ఉన్న కాగితం సంగతి మాత్రం ఇద్దరికీ తెలియదు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు పత్రికలన్నీ మొదటి పేజీలో రాశాయి. రాయవలసిందే. రొయ్యల రైతు గుండె ఆగిపోయే వార్త అది. కానీ సుంకమనేది సరుకు అమెరికా రేవుకు వచ్చాక కట్టేది. దానికి చాలా ముందే, సరుకు ఇంకా మన వైపు ఉండగానే, అమెరికా కస్టమ్స్‌కు చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. చెప్పకపోతే సుంకం కట్టే దశకు కూడా సజావుగా చేరలేం. దీని గురించి తెలుగులో నాలుగు వాక్యాలు రాసిన వ్యాసం నా కంటబడలేదు.

దాని పేరు ఇంపోర్టర్ సెక్యూరిటీ ఫైలింగ్, అంటే దిగుమతిదారు ముందుగా ఇవ్వవలసిన భద్రతా సమాచారం. మేమంతా ఐఎస్ఎఫ్ అంటాం, పాతవాళ్లు టెన్ ప్లస్ టూ అంటారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, కంటైనర్‌లో ఏముందో అది తమ రేవుకు వచ్చాక చూస్తే లాభం లేదని అమెరికా అనుకుంది. మొదట ఓడ కంపెనీల మీద నియమం పెట్టింది. సరుకు విదేశీ రేవులో ఓడెక్కడానికి 24 గంటల ముందే జాబితా ఇవ్వాలన్నది 2002 చివర్లో వచ్చింది. ఆ జాబితాలో సరుకు పేరూ బరువూ ఉంటాయి గాని, అది ఎవరు తయారుచేశారో, ఎవరు పెట్టెలో నింపారో ఉండదు. ఆ లోటు తీర్చమని 2006 నాటి సేఫ్ పోర్ట్ చట్టం చెప్పింది. 2008 నవంబరులో నియమం వెలువడి, 2009 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. మొదట్లో చూసీచూడనట్టు పోయారు. 2013 జులై నుంచి జరిమానాల విషయంలో గట్టిగా ఉన్నారు. ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్లు. ఫైలింగ్ చేయకపోయినా, ఆలస్యమైనా, తప్పులున్నా అదే లెక్క. మొదటిసారి అయితే అర్జీ పెట్టుకుని వెయ్యి రెండు వేల డాలర్లకు తగ్గించుకోవడానికి అవకాశం ఉంది. అది కూడా తక్కువేం కాదు.

ఇక్కడ అందరూ పొరబడే చోటు ఒకటుంది. ఈ బాధ్యత ఓడ కంపెనీది కాదు, ఎగుమతిదారుది కాదు. అమెరికాలో సరుకు తెప్పించుకునేవారిది. ఓడ కంపెనీ ఇవ్వవలసినవి వేరే రెండు ఉన్నాయి: ఓడలో ఏ కంటైనర్ ఎక్కడ పేర్చారో చూపే పటం, కంటైనర్ కదలికల సమాచారం. 'టెన్ ప్లస్ టూ'లో ఆ రెండూ వారివి, తక్కిన పది వివరాలూ తెప్పించుకునేవారివి. 'ఫార్వర్డర్ (సరుకు రవాణా ఏర్పాట్లు చేసే ఏజెంటు) అంతా చూసుకుంటానన్నాడు' అని నాతో చెప్పే ప్రతి ఒక్కరినీ నేను అడిగేది ఒక్కటే: 'అంతా అంటే ఏమేమిటో రాసిచ్చాడా?' ఫార్వర్డర్ చూసుకునేది సాధారణంగా ఆ 24 గంటల జాబితా. దాన్నే ఐఎస్ఎఫ్ అనుకుని నిశ్చింతగా ఉండేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆహార పదార్థాలు తెప్పించేవారైతే 'ఎఫ్‌డీఏకు (అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు) ముందస్తు నోటీసు ఇచ్చాం కదా' అంటారు. ఓడలో వచ్చే ఆహారానికి అది రేవు చేరడానికి కనీసం 8 గంటల ముందు ఇచ్చేది. అది వేరు, ఇది వేరు. విమానంలో పచ్చళ్లు తెప్పించిన అనుభవంతో మొదటిసారి ఓడ సరుకుకు దిగినవాళ్లు మరీ ఇబ్బంది పడతారు, ఎందుకంటే ఈ ఫైలింగ్ సముద్రం మీద వచ్చే సరుకుకే. విమానానికి పద్ధతి వేరు.

బాధ్యత ఇక్కడివారిది సరే. సమాచారం మాత్రం ఇక్కడ ఉండదు. అసలు చిక్కంతా అదే. ఆ పదింటిలో కొనుగోలుదారు ఎవరు, దిగుమతిదారు పన్ను నంబరు ఏమిటి, సరుకు ఎవరి పేరున వస్తోందో వారి నంబరు ఏమిటి, కస్టమ్స్ వదిలాక మొట్టమొదట ఏ చిరునామాలో దిగుతుంది అన్నవి ఇక్కడ తెలుసు. అమ్మినవారెవరో ఇద్దరికీ తెలుసు. తక్కిన సగం అటువైపు ఉంటుంది. తయారుచేసినది ఎవరు, ఏ దేశంలో తయారైంది, సరుకు రకాన్ని తెలిపే ఆరంకెల టారిఫ్ కోడ్ ఏమిటి, కంటైనర్‌లో ఎక్కడ నింపారు, ఎవరు నింపారు లేదా నింపించారు. మొదటి ఎనిమిదీ సరుకు ఓడెక్కడానికి 24 గంటల ముందే కస్టమ్స్ కంప్యూటర్‌లో ఉండాలి. నింపిన చోటు, నింపినవారు అన్న చివరి రెంటికి మాత్రం ఓడ అమెరికా రేవు చేరడానికి 24 గంటల ముందు దాకా గడువుంది. ఇవేవీ పట్టించుకోకుండా సరుకు ఓడెక్కిస్తే ఏమవుతుందో చెబుతాను.

టెక్సస్‌లో ఒక ఊళ్లో మనవాళ్లు గుడి కట్టుకున్నారు. ఊరు పేరు, గుడి పేరు వద్దు. మూలవిరాట్టు, అమ్మవారు, నవగ్రహాలు ఆళ్లగడ్డలో చెక్కించారు. ఉత్సవమూర్తులు తమిళనాట స్వామిమలైలో పోత పోయించారు. పెద్ద కంచు గంట ఇంకెక్కడో చేయించారు. అన్నీ చెన్నైలో ఒకచోట చేర్చి ఇరవై అడుగుల కంటైనర్‌లో పంపే పని ఒక మధ్యవర్తికి అప్పగించారు. కుంభాభిషేకానికి ముహూర్తం పెట్టారు, ఆహ్వానపత్రికలు అచ్చయ్యాయి, ఆగమ పండితులకు ఇండియా నుంచి విమానం టికెట్లు కొన్నారు. కమిటీలో డాక్టర్లున్నారు, పెద్ద పెద్ద కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ మేనేజర్లున్నారు. ఆ కమిటీలో ఎవరికీ ఐఎస్ఎఫ్ అన్న మాట తెలియదు. తెలియకపోవడం వారి తప్పని నేననను, జీవితంలో ఎప్పుడూ ఒక్క కంటైనర్ తెప్పించని మనుషులు వాళ్లు. ఆ మధ్యవర్తికి తెలిసి ఉండాలి. తెలిసే ఊరుకున్నాడో, తెలియకే ఊరుకున్నాడో నాకు తెలియదు.

కోశాధికారిగారు నాకు ఫోను చేసేనాటికి ఓడ కొలంబో దాటి వచ్చేసింది. 'అమ్మా, ఏదో సెక్యూరిటీ ఫైలింగ్ అంటున్నారు, ఇన్వాయిస్ పంపితే మీరు చేసేస్తారా?' అని అడిగారు. ఇన్వాయిస్ పంపించారు. అందులో ఉన్నది ఒక్క వరుస: 'గుడి సామగ్రి, 1 లాట్'. కింద మొత్తం విలువ. అమ్మినవారు, తయారుచేసినవారు, నింపినవారు అన్నిటికీ మధ్యవర్తి పేరే, చెన్నైలోని ఒక అపార్ట్‌మెంట్ చిరునామా. ఆ అపార్ట్‌మెంట్‌లో నవగ్రహాలు చెక్కలేరని అమెరికా కస్టమ్స్ అధికారికి కూడా అర్థమవుతుంది.

కాబట్టి మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆళ్లగడ్డలో శిల్పశాల చిరునామా కోసం ఆచారిగారికి ఫోను చేశాను. ఇక్కడ పొద్దున్న అయితే అక్కడ రాత్రి, భోజనం చేస్తూ మాట్లాడారు పాపం. 'ఇంతదూరం నుంచి నా అడ్రసు ఎవరూ అడగలేదమ్మా' అన్నారు. కంటైనర్ మీ దగ్గరే నింపారా అని అడిగితే, లేదు, క్రేనుతో లారీకెక్కించి చెన్నై పంపామని చెప్పారు. చెన్నైలో ఎక్కడ? ఆయనకు తెలియదు. మధ్యవర్తిని అడిగితే గోడౌన్ అన్నాడు. ఏ గోడౌన్ అంటే, రేవు దగ్గర ఒక కంటైనర్ ఫ్రైట్ స్టేషన్ (సరుకు చేర్చి కంటైనర్లలో నింపే చోటు) అని రెండు రోజుల తర్వాత తేలింది. స్వామిమలై పోత పనివారి చిరునామా కోసం ఇంకొన్ని ఫోన్లు. కాగితం మీద ఒక వరుసగా ఉన్నది చివరికి నాలుగు వరుసలైంది. ఏ వస్తువు ఎవరు చేశారు, ఏ దేశంలో చేశారు, దాని కోడ్ ఏమిటి అన్న మూడూ ఒకదానికొకటి జతపరిచి ఇవ్వాలి. ముగ్గురు తయారీదారులను ఒకరి పేరున కట్టిపెట్టి పంపడానికి వీల్లేదు.

ఇది నడుస్తుండగానే ఇంకో పక్క కమిటీ కాగితాలు. గుడి ట్రస్టు ఎన్నడూ దిగుమతి చేయలేదు కాబట్టి కస్టమ్స్ దగ్గర దాని నంబరు నమోదు కావాలి, అందుకు 5106 ఫారం. మేము వారి తరఫున ఫైలింగ్ చేయాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. దాని మీద సంతకం చేయవలసిన అధ్యక్షులు ఆ వారం తిరుపతిలో ఉన్నారు. కస్టమ్స్‌కు కట్టవలసిన డబ్బుకు పూచీగా బాండ్ కావాలి. ఇవన్నీ ముందుగా మొదలుపెడితే పెద్ద పనులు కావు, తీరిగ్గా టీ తాగుతూ చేసుకోవచ్చు. ఓడ బయలుదేరాక ఒక్కొక్కటీ కొండంతవుతుంది.

చివరి దెబ్బ బిల్లు నంబరు దగ్గర తగిలింది. ఐఎస్ఎఫ్‌లో ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్టు రవాణాదారు ఇచ్చే పత్రం) నంబరు, ఓడ జాబితాలో ఉన్న బిల్లు నంబరుతో అక్షరం కూడా తేడా లేకుండా కలవాలి. దాని ముందుండే నాలుగక్షరాల కంపెనీ కోడ్‌తో సహా. ఫార్వర్డర్ తన హౌస్ బిల్లు విడిగా వేసి ఉంటే ఫైలింగ్ దాని మీద చేయాలి, ఓడ కంపెనీ మాస్టర్ బిల్లు మీద కాదు. మధ్యవర్తి మాకు పంపింది మాస్టర్ బిల్లు. కంప్యూటర్ 'బిల్లు దొరకలేదు' అంటోంది. హౌస్ బిల్లు కాపీ తెప్పించేసరికి మరో రెండు రోజులు.

ఆలస్యంగానైనా ఫైలింగ్ చేశాం. చేయకపోవడం కంటే అది మేలు, ఈ మాట ఎవరడిగినా చెబుతాను. కానీ కంటైనర్ హ్యూస్టన్ రేవులో దిగగానే హోల్డ్ పడింది, అంటే కస్టమ్స్ వదలకుండా ఆపేసింది. మొదట స్కానింగ్. నల్లరాయి దిమ్మలు కదా, తెర మీద ఏమీ తేలదు. తర్వాత పరీక్షా కేంద్రానికి లాగించి, తెరిచి, చెక్కపెట్టెలు దించి చూశారు. చెక్కకు వేడిశుద్ధి ముద్ర ఉంది, అదొక్కటీ మధ్యవర్తి సరిగా చేశాడు. ఆ లాగుడు కూలి, దించి ఎక్కించే కూలి, రేవులో రోజుల అద్దె, కంటైనర్ తిరిగివ్వని రోజుల అద్దె, అన్నీ తెప్పించుకున్నవారి ఖాతాలోనే. పరీక్ష చేసేది ప్రభుత్వం, డబ్బు కట్టేది మనం.

ఇక ముహూర్తం. ప్రతిష్ఠకు ముందు విగ్రహాలకు జలాధివాసం, ధాన్యాధివాసం, శయ్యాధివాసం రోజుల తరబడి జరగాలి. యాగశాల వేశారు, వడ్ల బస్తాలు తెచ్చారు, పండితులు వచ్చి కూర్చున్నారు. దేవుడు పరీక్షా కేంద్రంలో ఉన్నాడు. ఆగమం తెలిసిన పెద్దాయన ఒకరు పంచాంగం తిరగేసి, రెండు వారాల తర్వాత ఇంకో ముహూర్తం చూపించారు. టికెట్లు మార్చారు, సెలవులు మళ్లీ పెట్టారు. భోజనాలవారు మాత్రం అడ్వాన్సు తిరిగివ్వలేదు.

ఇదంతా కస్టమ్స్‌ను నిందించడానికి చెప్పడం లేదు. ఐఎస్ఎఫ్ సరిగా ఉన్న కంటైనర్‌ను కూడా పరీక్షకు పిలవరని ఎవరూ హామీ ఇవ్వలేరు. కానీ తయారీదారు పేరు లేని, కోడ్ లేని, బిల్లు కలవని కంటైనర్‌ను చూసి అనుమానపడటంలో వారి తప్పేముంది? ఆ స్థానంలో నేనున్నా తెరిపిస్తాను. ఓడెక్కక ముందే అనుమానం వస్తే ఎక్కించవద్దని ఆదేశించే అధికారం కూడా వారికుంది. అప్పుడు సరుకు కొలంబోలోనే ఆగిపోతుంది. హ్యూస్టన్‌లో ఆగితే కనీసం వెళ్లి మాట్లాడటానికి వీలుంటుంది.

కొలంబో పేరు ఎందుకెత్తుతున్నానంటే, చెన్నై నుంచో విశాఖ నుంచో బయలుదేరే మన సరుకు చాలా వరకు చిన్న ఓడలో కొలంబోకో సింగపూర్‌కో వెళ్లి అక్కడ పెద్ద ఓడెక్కుతుంది. 24 గంటల లెక్క అమెరికాకు వచ్చే ఆ పెద్ద ఓడకు. ఈ వెసులుబాటు కొందరికి తెలుసు. తెలిసి 'ఇంకా వారం ఉంది కదా' అని కూర్చుంటారు. అలా కూర్చోకూడదు. కొలంబోలో ఏ ఓడ ముందు దొరికితే దానికి ఎక్కించేస్తారు, మనకు చెప్పి ఎక్కించరు. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలై ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలుపెట్టాక, ఏ సరుకు ఏ రేవులో ఏ ఓడ మారుతుందన్నది మరీ అస్తవ్యస్తమైంది. అందుకే నా లెక్కలో గడువు చెన్నైలోనో విశాఖలోనో చిన్న ఓడ ఎక్కడానికి ముందే ముగిసినట్టు. మా కార్యాలయంలో అంతకు మూడు రోజుల ముందు వివరాలన్నీ అడుగుతాం. తిట్టుకునేవాళ్లు తిట్టుకుంటారు.

కోడ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మన గ్రానైట్ వ్యాపారులు ఎక్కువగా తడబడేది అక్కడే. 'రాయి' అని రాస్తే సరిపోదు. క్వారీ నుంచి తెచ్చిన ముడి దిమ్మ అయితే 2516 కిందికి వస్తుంది. పాలిష్ చేసిన పలక అయితే 6802.93. వంటింటి గట్లకు వేసే క్వార్ట్జ్ పలక చూడటానికి రాయిలాగే ఉన్నా, అది రాతిపొడిని రెసిన్‌తో కలిపి తయారుచేసినది కాబట్టి 6810.99. ఈ చివరిదానిలో ప్రమాదం ఉంది: భారత్ నుంచి వచ్చే క్వార్ట్జ్ మీద అమెరికాలో 2020 నుంచి యాంటీ డంపింగ్ సుంకాలున్నాయి (మరీ చౌకగా అమ్ముతున్నారని అదనంగా వేసేవి). ఒకే కంటైనర్‌లో గ్రానైట్, క్వార్ట్జ్ కలిపి వేసి, ఇన్వాయిస్ మీద మొత్తం 'స్టోన్ స్లాబ్స్' అని రాసి పంపే ఎగుమతిదారుకు ఆ రాత వల్ల ఇక్కడి కొనుగోలుదారు మీద ఏమి పడుతుందో తెలుసా? విగ్రహాల దగ్గర ఇంకో రకం చిక్కు. వృత్తి శిల్పి సొంతంగా సృష్టించిన మూలకృతి అని ఆధారాలతో చూపగలిగితే 9703 కింద కళాఖండం, సుంకం లేదు. అదే నమూనాలో వరుసగా చెక్కి అమ్మేవి, మండపం స్తంభాలు, మెట్లు అయితే 6802లోనే రాతి పనిగా చూస్తారు. గంటకు 8306.10. ఏది ఏదో తేల్చేది బ్రోకర్, నిజమే, కానీ తేల్చడానికి శిల్పి వివరాలు, ఫొటోలు, రాయి రకం కావాలి. రొయ్యలకు కూడా అంతే. ఒలిచి గడ్డకట్టించినది 0306.17, రొట్టెపొడి అద్దినదైతే 1605లోకి పోతుంది. ఐఎస్ఎఫ్‌కు మొదటి ఆరంకెలు చాలు. మొదట ఉన్న సమాచారంతో ఇచ్చి, తర్వాత తేడా తెలిస్తే ఓడ రేవుకు రాకముందే సరిదిద్దుకోవచ్చు కూడా. సరిదిద్దుకునే వీలుంది కదా అని ఏదో ఒకటి వేయమనేవాళ్లకు నేను వేయను.

ఇంకో ముచ్చట. అమ్మాయి అమెరికాలో ఇల్లు కొనుక్కుందని టేకు ఊయల, ఇత్తడి బిందెలు, రుబ్బురోలు, బీరువా ఓడలో పంపే తల్లిదండ్రులు ఈమధ్య ఎక్కువయ్యారు. ఇంటి సామానుకూ ఈ ఫైలింగ్ ఉంది. వ్యాపారం కాదు కాబట్టి పన్ను నంబరు లేని మనిషి తన పాస్‌పోర్టు వివరాలతో చేయవచ్చు, కానీ చేయాలి. చేయవలసినది ఆ అమ్మాయి. ఆమెకు ఆ సంగతి చెప్పేవారు ఎవరు? హైదరాబాద్‌లో సామాను కట్టే కంపెనీ చెప్పాలి. కొందరు చెబుతారు. చెప్పనివాళ్ల గురించి నాకు ఫోన్లు వస్తాయి.

ఇంతకీ నేను కోరేది చిన్నదే. ఆ పది వివరాలు అడిగే కాగితం ఆర్డర్‌తో పాటే వెళ్లాలి. అడ్వాన్సు పంపే రోజునే. అమెరికాలో తెప్పించుకునేవారు 'తయారుచేసేచోటు పూర్తి చిరునామా, నింపేచోటు చిరునామా, నింపేవారి పేరు, ఒక్కో వస్తువు వివరం ఇస్తేనే రెండో విడత డబ్బు' అని ఒప్పందంలో రాసుకుంటే చాలు, సగం బాధ తీరిపోతుంది. నేను చూసినంతలో, డబ్బుతో ముడిపెట్టని కాగితం సమయానికి రాదు. మొదటిసారి తెప్పించేవారైతే ఆర్డర్ ఇచ్చిన వారమే బ్రోకర్‌ను పట్టుకుని నంబరు, పవర్ ఆఫ్ అటార్నీ, బాండ్ ముగించుకోవాలి. ఫైలింగ్ రుసుము కొన్ని పదుల డాలర్లు. దాన్ని మిగుల్చుకోవాలని చూసినవారెవరూ చివరికి మిగుల్చుకోలేదు.

ఎగుమతిదారులు అడుగుతారు: 'మా చట్టం ప్రకారం మేము షిప్పింగ్ బిల్లు (మన కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) వేశాం, కంటైనర్‌కు ఎలక్ట్రానిక్ సీలు వేశాం, మా పని అయిపోయింది. అమెరికా నియమం మాకెందుకు?' నిజమే, జరిమానా వారికి పడదు. కానీ జరిమానా కట్టిన కొనుగోలుదారు రెండోసారి వియత్నాం వైపో బ్రెజిల్ వైపో చూస్తాడు. పైగా ఇది అమెరికాతో ఆగడం లేదు. యూరప్‌లో 2024 జూన్ నుంచి సముద్ర సరుకుకు కొత్త ముందస్తు సమాచార పద్ధతి అమలులోకి వచ్చింది. అక్కడా ఆరంకెల కోడ్ అడుగుతారు, కొన్నవారు, అమ్మినవారు ఎవరో అడుగుతారు. జపాన్ తన 24 గంటల నియమాన్ని 2014లోనే పెట్టింది. చీమకుర్తి నుంచి ఎక్కడికి పంపినా ఈ ప్రశ్నలు తప్పవు.

కాపెక్సిల్, అపెడా, ఎంపెడా లాంటి ఎగుమతి ప్రోత్సాహక సంస్థలు ఎగుమతిదారులకు నిర్వహించే శిక్షణల్లో ఒక గంట దీనికి కేటాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఒంగోలులో, ఆళ్లగడ్డలో, భీమవరంలో, తెలుగులో. విశాఖలో ఇంగ్లిషులో పెట్టి చేతులు దులుపుకోవద్దు. శిల్పశాలల్లో, గ్రానైట్ ఫ్యాక్టరీల్లో ఈ కాగితం నింపేది యజమాని కాదు, లెక్కలు చూసే గుమాస్తా. ఆయనకు అర్థం కావాలి. ఇక్కడ గుళ్ల కమిటీలకు, తెలుగు సంఘాలకు నా మనవి: కొత్త గుడి కట్టేవారికి సలహాలిచ్చే సభలు ఎన్నో పెడుతున్నారు, విరాళాల గురించి మాట్లాడినంత సేపు కాకపోయినా, ఒక పావుగంట కంటైనర్ గురించి కూడా మాట్లాడండి. ముహూర్తం పెట్టేటప్పుడు విగ్రహాలు గుడికి చేరే తేదీకీ మొదటి అధివాసానికీ మధ్య కనీసం మూడు వారాలు ఉంచండి. పరీక్ష పడ్డా సర్దుకోవడానికి అంత కావాలి.

మేము మా కార్యాలయంలో వాడే ప్రశ్నల కాగితాన్ని నేను తెలుగులో రాసి పెట్టుకున్నాను. ఒక్క పేజీ. పది వివరాలు, ఒక్కొక్కటీ ఎవరిని అడగాలో, ఎప్పటిలోగా కావాలో, హౌస్ బిల్లు నంబరు ఎలా రాయాలో అందులో ఉంది. ఆచారిగారికి కూడా ఒకటి పంపాను, శిల్పశాల గోడకు అంటించారట. దాన్ని ఈ ఉత్తరంతో జతపరుస్తున్నాను. పత్రికలో స్థలం తక్కువైతే ఈ ఉత్తరాన్ని ఎంత కావాలంటే అంత కత్తిరించండి, ఆ పేజీ మాత్రం పూర్తిగా వేయండి.

ఇట్లు,
కస్టమ్స్ బ్రోకర్ కార్యాలయ ఉద్యోగిని, హ్యూస్టన్
(స్వస్థలం ఒంగోలు)